దీనబంధు ఆండ్రూస్ – ఒడంబడిక కూలీల పక్షమున నిలిచిన దైవసేవకుడు



నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయమును మన సంఘములలో తరచుగా చదువము. ప్రాకారము కట్టిన సంగతి అందరికిని తెలియును గాని, ఆ కట్టుబడి నడుమ లేచిన మొరను గూర్చి బోధించువారు తక్కువ. కరవు వచ్చెను. జనులు గింజల కొరకు పొలములు కుదువ పెట్టిరి, ఇండ్లు కుదువ పెట్టిరి, అవియు చాలక తమ కుమారులను కుమార్తెలను దాస్యమునకు ఒప్పగించిరి. నెహెమ్యా ఆ మొర విని మిక్కిలి కోపపడెను. అయితే ఆయన కోపముతో ఆగలేదు. పెద్దలను సభకు పిలిపించి, వారి యెదుట సంగతి విప్పి చెప్పి, తీసికొన్నది తిరిగి ఇచ్చునట్లు వారిచేత ప్రమాణము చేయించెను. ఈ అధ్యాయము చదివినప్పుడెల్ల మాకు ఒక మనుష్యుని జీవితము జ్ఞాపకమునకు వచ్చును. ఆయన పేరు చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్. ఈ మాసము ఆయన కథను మీకు చెప్పుచున్నాము.

మొదట ఆయన ఎదిరించిన కీడు ఎట్టిదో తెలిసికొనవలెను. 1833లో ఇంగ్లీషు పార్లమెంటు తన రాజ్యములలో బానిసత్వమును కొట్టివేయుచు చట్టము చేసెను. చెరకుతోటల యజమానులకు పనివారు లేకపోయిరి. అప్పుడు వారు మన దేశమువైపు చూచిరి. 1834లో మారిషస్ దీవికి కూలీలను ఓడ మీద తీసికొనిపోవుట మొదలయ్యెను. పిమ్మట డెమెరారా, ట్రినిడాడ్, నాటాల్, ఫిజీ. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి వెళ్లి దర్బను రేవున మొదటి కూలీలను దింపెను. 1911 వరకు నాటాలుకే లక్షా యేబదివేలకు పైగా జనులు వెళ్లిరి. వారిలో తమిళులతో పాటు మన తెలుగువారు విస్తారముగా ఉండిరి. మారిషస్ దీవిలో తెలుగువారిని కోరంగివారని పిలిచెడివారు. మన కోరంగి రేవు పేరే సముద్రముల కావల ఒక జాతి పేరైపోయెను.

1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరవును గూర్చి మన తాతల తాతలు చెప్పిన మాటలు మన ఇండ్లలో ఇంకను పూర్తిగా చావలేదు. నల్లమల అంచున ఉన్న మార్కాపురం, కంభం, గిద్దలూరు సీమలలో వాన తప్పిన యేడు ఎట్లుండునో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ కరవులో ఒంగోలు క్లౌ దొరగారు బకింగుహాము కాలువ పనిలో మూడున్నర మైళ్లు కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి చూపించెను. ఆ కాలువ గట్టు చేరినవారు బ్రతికిరి. అట్టి కరవులలో మద్రాసు రాజధానినుండి ఓడలెక్కువారి సంఖ్య పెరుగుచుండెను. ఇంట గింజ లేనివాడు ఏ కాగితము మీదనైనను వ్రేలిముద్ర వేయును.

ఆ కాగితమే ఒడంబడిక. అగ్రిమెంటు అను ఇంగ్లీషు మాట ఉత్తరాది కూలీల నోట గిర్మిట్ ఆయెను. అయిదేండ్లు చెప్పినచోట చెప్పిన పని చేయవలెను. ఫిజీలో నియమించిన పని ముగించిన మగవానికి దినమునకు ఒక షిల్లింగు, ఆడుదానికి తొమ్మిది పెన్నీలు. మరియొక అయిదేండ్లు అక్కడనే గడిపినగాని దేశమునకు ఉచితముగా తిరిగి రానియ్యరు. పనికి రానివాడు బాకీదారుడు కాడు, నేరస్థుడు. వానిని కోర్టుకు ఈడ్చి జరిమానా వేయుదురు, లేక చెరలో వేయుదురు. ఊళ్లలో జనులను పోగుచేయు దళారీకి తలకింత అని సొమ్ము ముట్టును గనుక ఆ సముద్రము ఎంత దూరమో, పని మానిన శిక్ష ఏమో వాడు చెప్పడు. దగ్గరనే ఒక దీవి యున్నది, తేలిక పని, మంచి కూలి, అని చెప్పును.

చదువరులారా, ఈ దళారీ మాట మనకు క్రొత్తది కాదు. మిరపకోతలకును ఇటుకబట్టీలకును మనవారిని కట్టగట్టి తీసికొనిపోవు మేస్త్రీలు ముందుగా అడ్వాన్సు చేతిలో పెట్టినప్పుడు, ఆ అప్పు తీరువరకు కదలరాదను షరతును ఎంత మెల్లగా చెప్పుదురో మనము ఎరుగుదుము. గల్ఫు దేశములకు పంపెదమను ఏజెంట్లలోను తెలియని భాషలో వ్రాసిన కాగితము మీద సంతకము పెట్టించువారు కలరు. ఆండ్రూస్ కథ మనకు పాత కథ కాకపోవుటకు కారణమిదే.

ఇక ఆయన సంగతి. 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లాండులోని న్యూకాసిల్ పట్టణమున పుట్టెను. బర్మింగుహాములో పెరిగెను. తండ్రి ఒక చిన్న క్రైస్తవ శాఖలో కాపరి, భక్తిపరుడు. ఆ కుటుంబపు సొమ్ము ఒక నమ్మిన స్నేహితుని చేతిలో ఉండగా వాడు దానిని జూదమువంటి వ్యాపారములో పోగొట్టెను. ఆ దినమున తండ్రి పిల్లలను కూర్చుండబెట్టుకొని ఆ స్నేహితుని క్షమించుమని ప్రార్థించెను. బిడ్డ ఆండ్రూస్ ఆ ప్రార్థనను ఎన్నడును మరువలేదు. తరువాత కేంబ్రిడ్జిలో పెంబ్రోక్ కళాశాలలో చదివెను. తండ్రి శాఖను విడిచి ఇంగ్లాండు సంఘములో చేరి, 1897లో గురువుగా అభిషేకము పొంది, లండనులోని బీదల పేటలో పని చేసెను. 1904 మార్చి 20న ఢిల్లీ చేరెను.

ఢిల్లీలో సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో ఉపాధ్యాయుడాయెను. అక్కడ సుశీల్ కుమార్ రుద్ర అను బెంగాలీ క్రైస్తవుడు ఆయనకు ప్రాణస్నేహితుడు. 1906లో ప్రిన్సిపాలు పదవి ఖాళీ యైనప్పుడు ఆ పదవి తెల్లవానికే దక్కవలెనని కొందరు తలంచిరి. ఆండ్రూస్ రుద్రగారి పక్షమున గట్టిగా నిలిచి, ఆయనకే అది దక్కునట్లు చేసి, తాను ఆయన చేతిక్రింద పని చేసెను. మన పెద్దలు మిషనరీలందరిని దొరగారని పిలిచిరి, మేమును అట్లే పిలుచుచు పెరిగితిమి. కాని ఆండ్రూసుకు ఆ మాట అమరదు. అందుచేత ఈ వ్యాసములో ఆయనను దొరగారని వ్రాయుట లేదు.

1913లో దక్షిణాఫ్రికాలో గాంధీగారి నాయకత్వమున గొప్ప సమ్మె జరిగెను. ఒడంబడిక ముగిసిన పిమ్మట నాటాలులోనే స్వతంత్రముగా నిలువగోరిన కూలీ సంవత్సరమునకు మూడు పౌనులు పన్ను కట్టవలెనని అక్కడివారు చట్టము చేసియుండిరి. క్రొత్త కూలీకి నెలకు పది షిల్లింగులు దొరుకు చోట అది ఆరు నెలల కూలి. తనకు కట్టలేడు, భార్యకు కట్టలేడు, పదుమూడేండ్లు దాటిన కుమార్తెకు కట్టలేడు. కావున మరల ఒడంబడికలోనికి పోవలెను, లేదా ఓడ ఎక్కవలెను. బొగ్గుగనుల కూలీలును చెరకుతోటల కూలీలును పని మాని బయటకు వచ్చిరి. కొందరు తుపాకి గుండ్లకు బలియైరి. ఆ నవంబరులో వైస్రాయి హార్డింజి ప్రభువు మద్రాసులో మాటలాడుచు సమ్మె చేయువారి యెడల బహిరంగముగా సానుభూతి చూపెను. ఒక వైస్రాయి మరియొక బ్రిటిషు ప్రభుత్వమును అట్లు తప్పుపట్టుట లండనులో కలవరము పుట్టించెను.

గోఖలేగారు ఆండ్రూసును వెళ్లుమని కోరిరి. ఆయన తాను కూడబెట్టుకొన్న సొమ్మంతయు గోఖలేగారి నిధికి ఇచ్చివేసి, తన స్నేహితుడు పియర్సనుతో ఓడ ఎక్కెను. 1914 జనవరి మొదట దర్బను రేవున దిగి గాంధీగారు ఎక్కడ అని అడిగెను. తల గొరిగించుకొని, ముతక తెల్లబట్ట కట్టుకొని, కూలీవలె నిలిచియున్న మనుష్యుని చూపించిరి. చనిపోయిన కూలీల కొరకు గాంధీగారు ఆ దుఃఖవేషము ధరించియుండిరి. ఆండ్రూస్ వంగి ఆయన పాదములు ముట్టెను. తెల్లవారు దానిని గొప్ప అవమానముగా ఎంచి పత్రికలలో వ్రాసిరి. రేవు మీద ఒక తెల్ల గురువు నల్లవాని పాదములు ముట్టుటకంటె, గుండ్లకు కూలీలు చచ్చుట వారికి తక్కువ బాధ కలిగించెను కాబోలు.

ఆ దినములలో ఒక సంగతి జరిగెను. తోటనుండి పారిపోయి వచ్చిన తమిళ కూలీ యొకడు దెబ్బలు తిన్న తన వీపును చూపుటకు వచ్చెను. చూచుటకు ఆండ్రూస్ వంగగా, ఈ తెల్లవాడును కొట్టునేమోయని వాడు వేటకు చిక్కిన జంతువువలె ముడుచుకొనిపోయెను. ఆ చూపు ఆండ్రూస్ హృదయములో గ్రుచ్చుకొనెను.

ప్రిటోరియాలో స్మట్సు మంత్రికిని గాంధీగారికిని మధ్య సంధి మాటలు నడచినప్పుడు ఆండ్రూస్ ఇద్దరి యొద్దకును తిరిగెను. కస్తూరిబాయిగారికి జబ్బు అధికమైనదని తంతి వచ్చెను. అయినను పని ముగియక గాంధీగారు కదలరైరి. ఒడంబడిక పత్రములో కొన్ని మాటల యొద్ద వ్యవహారము చిక్కుకొనెను. ఆండ్రూస్ ఉదయముననే స్మట్సు నొద్దకు పోయి ఆ మాటలు మార్పించి సమ్మతి తెచ్చెను. అదే జనవరిలో ఇంగ్లాండులో ఆయన తల్లి మరణించెను. ఆ వార్త ఆయనకు దక్షిణాఫ్రికాలోనే అందెను. ఆ సంవత్సరమే చట్టము మారి మూడు పౌనుల పన్ను పోయెను.

ఇక్కడ మన సంఘముల వారు తప్పక తెలిసికొనవలసిన పేరు మరియొకటి యున్నది. ఆండ్రూస్ దర్బనులో దిగుటకు పదకొండేండ్ల ముందే, 1903లో, నెల్లూరునుండి జాన్ రంగయ్యగారు అను తెలుగు బాప్తిస్టు ఉపాధ్యాయుడు నాటాలుకు సువార్తికుడుగా వెళ్లియుండెను. ఆయనను పంపినది ఏ తెల్లవారి మిషను కాదు. తెలుగు బాప్తిస్టుల స్వదేశ సువార్త సంఘము. ఆయన కియర్స్నీ తేయాకు తోటలోని తెలుగు కూలీల మధ్య సంఘము కట్టి, పండ్రెండేండ్లు ప్రయాసపడి 1915లో అక్కడనే కన్ను మూసెను. వైస్రాయితో మాటలాడువాడొకడు, కూలీల గుడిసెలలో పాట నేర్పువాడొకడు. ఇద్దరిని ఒకే త్రాసులో తూచుట మా పని కాదు. అయితే ఆండ్రూస్ పేరు పుస్తకములలో ఉండగా రంగయ్యగారి పేరు మన సండేస్కూలు పిల్లలకు తెలియకుండుట న్యాయము కాదు.

ఆండ్రూస్ తిరిగి వచ్చి ఠాగూరుగారి శాంతినికేతనములో చేరెను. 1915లో ఆయనకు కలరా తగిలి చావు వరకు వెళ్లెను. కోలుకొనుటకు సిమ్లాలో ఉన్నప్పుడు ఫిజీ కూలీలను గూర్చి చదువుచుండెను. ఫిజీకి 1879 మొదలు 1916 వరకు అరువదివేల మందికి పైగా ఒడంబడిక కూలీలు వెళ్లిరి. 1903 మొదలు మద్రాసునుండియు ఓడలు పోయెను. మన కృష్ణా, గోదావరి, విశాఖపట్నము జిల్లాలవారు వాటిలో ఎక్కిరి. అక్కడ పని చేసిన బర్టన్ అను మెథడిస్టు మిషనరీ 1910లో పుస్తకము వ్రాసి ఈ పద్ధతి లోపములను బయట పెట్టియుండెను. 1912లో కుంతి అను కూలీ స్త్రీని ఓవర్సీయరు దురుద్దేశముతో అరటితోటలో ఒంటిగా పనికి పెట్టగా, ఆమె వాని చేతినుండి తప్పించుకొని నదిలో దూకెను. దోనె మీదనున్న ఒక బాలుడు ఆమెను రక్షించెను. ఆమె కథ మన దేశపు పత్రికలలో వచ్చి జనులను మండించెను.

సిమ్లాలో ఒకనాడు కూర్చుండియుండగా నాటాలులో చూచిన ఆ కూలీ ముఖము, ఆ భయపు చూపు, ఆయన కన్నుల యెదుటికి వచ్చెను. చూచుచుండగా ఆ ముఖము క్రీస్తు ముఖముగా మారెను. తరువాత తన జీవితమును గూర్చి వ్రాసిన పుస్తకములో ఆయన దీనిని చెప్పుకొనెను. దర్శనములను గూర్చి మన మధ్య భిన్నాభిప్రాయములున్నవి; మేమును త్వరపడి నమ్మువారము కాము. కాని దర్శనము చూచినవాడు తరువాత ఏమి చేసెనో చూచుట మంచి పరీక్ష. ఆండ్రూస్ పియర్సనును వెంటబెట్టుకొని ఫిజీకి ఓడ ఎక్కెను.

వెళ్లకముందు కూలీలను చేర్చు ఊళ్లను, వారిని ఉంచు డిపోలను చూచెను. దారిలో ఆస్ట్రేలియాలో ఆగెను, ఫిజీలోని గొప్ప చక్కెర కంపెనీకి సిడ్నీ నగరమే మూలస్థానము. ఫిజీలో తోటలకు పోయెను, కూలీలతో కూర్చుండెను, యజమానులతోను మాటలాడెను. వారిని తిట్టలేదు, వారు చెప్పినది విని వ్రాసికొనెను. ఆయన బలము అక్కడనే యున్నదని మా అభిప్రాయము. శత్రువు మాట కూడ లెక్కలో వేసినవాని లెక్కను కాదనుట కష్టము.

ఆయన చూచినదేమనగా – కూలీలైనులలో గదులు పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు. అట్టి గదిలో ముగ్గురు మగవారు, లేక ఒక కుటుంబము. వంట అందులోనే. చట్టప్రకారము నూరుగురు మగవారికి నలుబది మంది ఆడువారిని పంపుదురు. ఆ నలుబదిలో ఎందరో మోసముతో తేబడినవారు, దిక్కులేనివారు. వివాహమునకు విలువ లేదు. అసూయచేత హత్యలు, నిరాశచేత ఉరి వేసికొనుటలు. ఆత్మహత్యలు మన దేశములో కంటె అనేక రెట్లు ఎక్కువ. హిందీ రాని దక్షిణాదివారి గతి మరింత హీనము. చుట్టునున్న కూలీలలో ఎక్కువమంది భాష వారికి రాదు, మేస్త్రీ ఏమి అరచుచున్నాడో తెలియదు, తెలియనందుకు దెబ్బ.

అంతకు మునుపు 1913లో భారత ప్రభుత్వము మెక్నీల్, చిమ్మన్ లాల్ అను ఇద్దరిని పంపి విచారణ చేయించియుండెను. వారు లోపములు ఒప్పుకొనియు మొత్తము మీద మేలే ఎక్కువయని వ్రాసిరి. దినకూలి, దాచుకొన్న సొమ్ము, తిరిగి తెచ్చినది లెక్కించి చూచిరి. ఆండ్రూస్, పియర్సను కూలీ వేరు సంగతి, కుటుంబము వేరు సంగతి అని చూపిరి. గది కొంచెము పెద్దది చేసిన, ఓవర్సీయరును మార్చిన తీరు రోగము కాదు. పద్ధతినే కొట్టివేయవలెనని 1916 ఫిబ్రవరిలో నివేదిక అచ్చు వేసిరి.

అప్పటికి లోపల మరియొక పని జరుగుచుండెను. హార్డింజి ప్రభువు ఆండ్రూసును ఎరిగినవాడు, ఆయన మాట వినువాడు. 1915 అక్టోబరులోనే ఈ పద్ధతిని కొట్టివేయవలెనని వైస్రాయి లండనుకు వ్రాసెను. 1916 మార్చి 20న మదనమోహన మాలవీయగారు శాసనసభలో తీర్మానము తేగా హార్డింజి దానిని అంగీకరించెను. దేశమంతట సంతోషము. గోఖలేగారు 1910లో నాటాలుకు కూలీలను ఆపు తీర్మానము గెలిచి, 1912లో మొత్తము పద్ధతిని ఆపు తీర్మానము తెచ్చి ఓడిపోయియుండెను. ఈ దినము చూచుటకు ఆయన లేడు, 1915లోనే మరణించెను.

కాని సంతోషము తొందరపాటాయెను. వేరు ఏర్పాటు కుదురువరకు ఇంకను అయిదేండ్లు కూలీలను పంపవచ్చునని లండను కార్యాలయములలో మాట జరిగినదని ఆండ్రూసుకు తెలిసెను. సభలో ఒక మాట, సభ వెనుక ఒక మాట. అయిదేండ్లనగా మరికొన్ని ఓడలు, మరి కొన్ని వేలమంది, మరికొందరు కుంతులు. ఆయన నీరసముగా ఉన్నను లేచి ఊరూర తిరిగి సంగతి బయట పెట్టెను. గాంధీగారు 1917 మే 31 లోపల ఆపవలెనని గడువు పెట్టిరి. సరోజినీదేవిగారు సభలలో మాటలాడిరి. స్త్రీల రాయబారము క్రొత్త వైస్రాయి చెమ్సుఫర్డు ప్రభువు నొద్దకు వెళ్లెను. స్త్రీలు మన దేశపు స్త్రీల మానము కొరకు వైస్రాయి గడప తొక్కుట అది క్రొత్త సంగతి. 1917 మార్చి 12న యుద్ధకాలపు చట్టము క్రింద కూలీలను పంపుటను ప్రభుత్వము నిలిపివేసెను.

ఆపుట ఒకటి, అక్కడ చిక్కుకొన్నవారిని విడిపించుట ఒకటి. ఆండ్రూస్ 1917లో మరల ఫిజీకి పోయెను. కంపెనీవారు కూలి పెంచుటకు ఒప్పుకొనలేదు. ఆస్ట్రేలియా స్త్రీల సంఘములు గార్నుహాము అను మిషనరీ స్త్రీని విచారణకు పంపగా, ఆమె 1918లో తెచ్చిన నివేదిక ఆండ్రూస్ చెప్పినదానిని బలపరచెను. తుదకు 1920 జనవరిలో ఫిజీలో మిగిలిన ఒడంబడికలన్నియు రద్దాయెను. అక్కడి కూలీలే ఆయనకు దీనబంధు అను పేరు పెట్టిరి.

అదే కాలమున ఫిజీనుండి ఒక రాయబారము మన దేశమునకు వచ్చి, క్రొత్త షరతులతో మరల కూలీలను పంపుమని అడిగెను. దానిలో ఒకడు పాలినీషియా బిషప్పు. ఇది వ్రాయుటకు మాకు సిగ్గుగానున్నది గాని దాచుట తగదు. ఒకే సంఘమునకు చెందిన ఇద్దరు గురువులు. ఒకడు సంకెల తెంపుటకు తిరిగెను, ఒకడు తోటల పక్షమున వచ్చెను. ఇద్దరును ఒకే ప్రార్థన పుస్తకము చదివినవారే. మన దేశము ఆ రాయబారమును ఒప్పుకొనలేదు. 1922లో వచ్చిన వలస చట్టముచేత, శాసనసభల అనుమతి లేక సామాన్య కూలీలను పైదేశములకు పంపరాదని నిర్ణయమాయెను.

తరువాతి సంగతులు త్వరగా చెప్పుదుము. కెన్యాకు పోయెను, బ్రిటిషు గయానాకు పోయెను, ఎక్కడ మనవారు కష్టములలో ఉన్నారని వినిన అక్కడికి పోయెను. 1921లో అస్సాము తేయాకు తోటలనుండి పారిపోయి వచ్చి చాంద్‌పూరులో చిక్కుకొన్న కూలీల మధ్య పని చేసెను. 1925లోను 1927లోను అఖిల భారత కార్మిక మహాసభకు అధ్యక్షుడాయెను. ఆయనకు ఇల్లు లేదు, పెండ్లి లేదు. ఎవరైన కోటు ఇచ్చిన మరునాటికి అది వేరొకని వంటి మీద ఉండెడిది. గురువు పనిని చాల ఏండ్లు మానుకొని యుండి, వృద్ధాప్యమున మరల చేపట్టెను. 1936లో ఫిజీని చివరిసారి చూచి వచ్చెను. అప్పటికి కూలీల బిడ్డలు సొంత చెరకు వేసికొనుచుండిరి.

1940 ఏప్రిల్ 5న కలకత్తా ఆసుపత్రిలో శస్త్రచికిత్స పిమ్మట మరణించెను. అక్కడి లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానములో ఆయనను పాతిపెట్టిరి. ఆయన దిగిన దర్బను రేవునుండి కొంత దూరమున, కియర్స్నీలో, రంగయ్యగారు కట్టిన సంఘపు తెలుగు కుటుంబములు అప్పటికి రెండవ తరమువారు, మూడవ తరమువారు.